కాకిబంగారం నడుమ నీళ్లు

ఇస్త్రీ పెట్టె విప్పి చూసినవాళ్లకు తెలుస్తుంది. లోపల ఎర్రగా కాలే తీగకూ, అడుగున బట్టను తాకే ఇనుముకూ మధ్య ఒక పల్చటి రేకు ఉంటుంది. అద్దంలా మెరుస్తుంది, కాగితంలా వంగుతుంది, నిప్పుకు చావదు, కరెంటును దాటనివ్వదు. అది మైకా. మా గూడూరు పెద్దవాళ్లు కాకిబంగారం అనేవారు. స్టేషన్ దగ్గర ఇస్త్రీ పెట్టెలూ మోటార్లూ బాగుచేసే కొట్టు పెట్టుకుని నేను ఇన్నేళ్లు బతికానంటే ఆ రేకు పుణ్యమే. ఆ రేకులు నాకు ఇచ్చిన మనిషి మస్తాన్‌బీ. ఆమె గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. మా వీధిలో గొప్పలు చెప్పుకునేవాళ్లకు కరువు లేదు, గొప్ప చెప్పుకోదగ్గ ఈవిడ మాత్రం నోరు విప్పదు. అందుకని నేనే పూనుకున్నాను.

మస్తాన్‌బీ పదిహేడేళ్లకే మైకా షెడ్డులో పనికి కుదిరింది. గని నుంచి వచ్చిన రాయిని దిమ్మ అంటారు. దిమ్మను నిలబెట్టి, కొడవలిలా వంగిన చిన్న కత్తి మొనను అంచున దూర్చి, చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా తిప్పితే చిటపటమని చిన్న చప్పుడు వస్తుంది. ఆ చప్పుడుతో దిమ్మ రెండు రేకులవుతుంది. రెండు నాలుగవుతాయి. అలా ఉల్లిపొర కంటే పల్చన అయ్యేదాకా విప్పుతూ పోవడమే ఆమె ఉద్యోగం. విప్పిన ప్రతి రేకుకూ చివర్న ఒక మర్యాద ఉంది. నూనె రాసుకున్న తల మీద బొటనవేలు ఒకసారి రుద్ది, ఆ వేలితో రేకును ఇటు నుంచి అటు నిమురుతారు. దాన్ని మెరుగు పెట్టడం అంటారు. మెరుగు పెట్టిన రేకు ఎండలో తళుక్కుమంటే కొనేవాడు బేరం ఆడడు. షెడ్డులో ఆడవాళ్లందరికీ ఆ అలవాటే, మస్తాన్‌బీ మెరుగు వాళ్లలో పేరు పడ్డది.

ఆమె భర్త సుభాని సైదాపురం వైపు గనిలో పనిచేసేవాడు. గని మూతపడిన నాడు మేస్త్రీ అతని భుజం తట్టి, ఆఖరి దిమ్మల్లోంచి ఒకటి చేతిలో పెట్టి పంపించాడు. ఎక్కాల పుస్తకమంత ఉంటుంది. దీపానికి అడ్డం పెడితే లేత ఆకుపచ్చ వెలుగు వస్తుంది. ఇంటికి తెచ్చి పెళ్లానికి ఇస్తూ, "దీన్ని షెడ్డుకు తీసకపోబాక. మంచి పని ఏదన్నా తగిలినప్పుడు నువ్వే విప్పు" అన్నాడట. ఆ మంచి పని తగలకముందే, గనిలో మింగిన దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని చనిపోయాడు.

దిమ్మ మస్తాన్‌బీ ఇంటి గూట్లో, అతని పాత లుంగీ గుడ్డలో చుట్టి ఉండేది. శుక్రవారం శుక్రవారం గుడ్డ విప్పి చూసుకుని మళ్లీ చుట్టేది. పై రేకు మీద గని ఎర్రమట్టితో సుభాని బొటనవేలి ముద్ర పడి ఉంది. ఆమె చేతికి వచ్చి మెరుగు పెట్టించుకోని రేకు ఈ లోకంలో అదొక్కటే. విప్పమని అడిగినవాళ్లకు ఆమె చెప్పే జవాబు కూడా ఒకటే. దిమ్మ పైకి ఎంత బాగున్నా లోపల ఇనప మచ్చ ఉండొచ్చు. విప్పినాక మచ్చ బయటపడితే అటు పనికీ రాదు, ఇటు జ్ఞాపకంగానూ మిగలదు. అంచేత గూట్లోనే ఉండనీ అనేది.

నిరుడు వేసవిలో బిందు అనే అమ్మాయి నా కొట్టుకు వచ్చింది. మనుబోలులో వరి పండించుకునే రైతు కూతురు, చెన్నైలో ఒక పరిశోధన సంస్థలో చదువుతోంది. మంచి మైకా కావాలంది. ఇస్త్రీ పెట్టెకా, స్టవ్వుకా అని అడిగాను. నీళ్లు ఎలా పారతాయో చూడడానికి అంది.

నాకు ఒళ్లు మండింది. "దానికి చెన్నై దాకా పోవడం ఎందుకు మా? మా వీధి కాలవ పక్కన కూసో, కావలసినంత చూడొచ్చు" అన్నాను.

ఆ పిల్ల నొచ్చుకోలేదు. నవ్వి, బల్ల మీద మోటారు తీగలు పక్కకు జరిపి కూర్చుంది. "కాలవలో పారే నీళ్లు వేరన్నా. నీ తలవెంట్రుక ఒకటి తీసుకో. దాని మందాన్ని లక్ష చీలికలు చెయ్యి. అందులో ఒక చీలికంత సందు చేసి, దాంట్లోకి నీళ్లను పంపిస్తాను. అంత సందులో నీళ్లు మనం ఎరిగిన నీళ్ల మాదిరి ఉండవు."

"నా తల మీద లక్ష చెయ్యను వెంట్రుకే మిగల్లేదు" అన్నాను గానీ, లోపల ఏదో కదిలింది. లక్ష చీలికలు. నలభై ఏళ్లుగా తీగల మందం కొలిచి బతికినవాణ్ణి, నా లెక్క అక్కడికి అందలేదు.

మైకానే ఎందుకని అడిగాను. ఎంత నున్నటి అద్దమైనా అణువుల దగ్గరికి పోయి చూస్తే గుట్టలూ గుంటలేనట. మైకా పొర విడినప్పుడు మాత్రం, గోరంత మేరలో ఒక్క అణువు ఎత్తు తేడా కూడా లేకుండా చదునుగా వస్తుందట. అలాంటి రెండు రేకుల్ని ఎదురెదురుగా పెట్టి దగ్గరికి జరిపితేనే అంత సన్నటి సందు తయారవుతుంది. ఇంతా ఎందుకు అని అడిగితే, బిందు ఇందుకూరుపేటలో తన మేనత్త వాళ్ల ఊరి కథ చెప్పింది. చెరువుల్లో రొయ్యలు, బోర్లలో ఉప్పునీళ్లు. ఉప్పును ఆపి నీళ్లను మాత్రం వదిలే సందు ఎలా ఉండాలో తెలియాలంటే, ముందు నీళ్లు అంత ఇరుకులో ఎలా నడుస్తాయో తెలియాలి. అంతవరకు నాకు బాగానే అర్థమైంది.

మస్తాన్‌బీ దగ్గరికి తీసుకుపోయాను. చదువుకునే పిల్ల అడిగిందని ఆమె షెడ్డులో ఉన్నవాటిలో మేలైన దిమ్మ ఏరి, రేకులు విప్పి, ఒక్కోదాన్ని రెండుసార్లు నిమిరి, కాగితంలో చుట్టి ఇచ్చింది. బిందు సంతోషంగా రైలెక్కింది.

కొన్ని వారాల తర్వాత మస్తాన్‌బీ ఇంటికి తిరిగి వచ్చినప్పుడు ఆ పిల్ల మొహం పీక్కుపోయి ఉంది. ఎన్నిసార్లు చేసినా ప్రయోగం కుదరలేదట. రేకుల మధ్య ఏదో అడ్డం పడుతోంది, అదేమిటో తెలియడం లేదు. ఈ నెల దాటితే తను ప్రయోగం చేసే మిషను ఇంకొకరికి ఇచ్చేస్తారు, తన పని అంతటితో ఆగిపోతుంది అంది. మస్తాన్‌బీ ఆ మాటలు వింటూనే అలవాటుగా ఒక రేకు విప్పింది. విప్పి, బొటనవేలు తల మీద రుద్దుకుని, రేకును నిమిరింది.

బిందు కళ్లు ఆ వేలి మీదే నిలిచిపోయాయి. "అవ్వా, నాకు ఇచ్చినవాటికీ ఇట్టానే చేసినావా?"

"చెయ్యకుండా ఎట్టా ఇస్తాం మా? మొగం కడక్కుండా పెళ్లికూతురిని చూపిస్తారా యాడన్నా?"

బిందు అక్కడే అరుగు మీద కూలబడి ముందు నవ్వింది, తర్వాత కళ్లు తుడుచుకుంది. ఆ నూనె పూత మన కంటికి కనిపించదు గానీ ఆమె సందు కంటే వందల రెట్లు మందం. ఇంత ఇరుకు గది కట్టి, గుమ్మానికి అడ్డంగా కొండను పెట్టుకున్నట్టయింది. సంగతి అర్థమయ్యాక మస్తాన్‌బీ తన బొటనవేలిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ముద్దుగా చేసిన పని చెడ్డదవుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. 

మళ్లీ విప్పి ఇస్తానని షెడ్డుకు పోయింది. అక్కడ మిగిలినవి పగుళ్ల దిమ్మలు, మచ్చల దిమ్మలు. మంచిదంతా ఏనాడో అయిపోయింది, మిగిలిన ఒక్కటీ మొన్న బిందుకే విప్పింది. చెత్త మైకాను మిల్లులో పొడి కొట్టి రంగుల్లో కలపడానికి పంపించడమే ఇప్పటి వ్యాపారం. ఇంకెక్కడైనా ఒక్క మంచి దిమ్మ దొరుకుతుందా అని బిందు నన్ను అడిగింది. నేను చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను. మస్తాన్‌బీ టీ గ్లాసులు కడుగుతూ ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్నే కొట్టు దగ్గరికి వచ్చింది. చంకలో లుంగీ గుడ్డ మూట.

"హజరత్తా, చెన్నై బండి ఎన్నింటికి?"

నాకు కోపం నషాళానికి అంటింది. "అక్కా, నీకేమన్నా మతి పోయిందా? సుభానన్న చేతి గుర్తు అదొక్కటే గదా మిగిలింది. లోపల మచ్చ ఉంటే ఏం చేస్తావ్? ఆ పిల్ల ఇంకో పని చూసుకుంటుంది. నీకు ఇంకో దిమ్మ యాడ నించి వస్తుంది?"

ఆమె నన్ను అరవనిచ్చింది. నేను అరవడం అయ్యాక స్టూలు మీద కూర్చుని మూట ఒళ్లో పెట్టుకుంది. "నా తర్వాత ఇది యాడికి పోతాదో నువ్వే చెప్పు. పొడి మిల్లుకే గదా. ఆయన మంచి పని తగిలితే విప్పమన్నాడు. నీళ్లకు దారి చూసే పని కంటే మంచిది నాకింక తగలదు. నాకూ భయంగానే ఉండాది హజరత్తా. నువ్వు తోడు రా."

కొట్టుకు తాళం వేశాను. ఆమె ముందు నా కోపం ఏనాడూ ఎక్కువసేపు నిలవలేదు.

చెన్నైలో ఆ సంస్థలో మాకు తెల్ల కోట్లు, తలకు టోపీలు, మూతికి గుడ్డలు తొడిగారు. ధూళి కూడా రాకుండా గాలిని వడకట్టే గది. మస్తాన్‌బీ కత్తిని బిందు స్వయంగా కడిగి, ఏవో ద్రావకాల్లో ముంచి తీసి ఇచ్చింది. చేతులకు రబ్బరు తొడుగులు వేయగానే చిక్కు వచ్చిపడింది. ఆ తొడుగులతో ఆమెకు రాయి తెలియడం లేదు. అంచు ఎక్కడ లొంగుతుందో, ఎక్కడ మొండికేస్తుందో చర్మానికి తగలాలి. కత్తి రెండుసార్లు జారింది. 

బిందు ఆలోచించి, "అవ్వా, పై రేకూ కింది రేకూ నాకు అక్కర్లేదు. వాటిని ఒట్టి చేత్తో పట్టుకో. లోపలి మొగాలను మాత్రం కత్తి తప్ప ఏదీ తాకగూడదు" అంది.

మస్తాన్‌బీ తొడుగులు తీసేసింది. పట్టు కుదరాలంటే బొటనవేలు ఎక్కడ ఉండాలో చూసుకుంది. సరిగ్గా సుభాని ముద్ర ఉన్న చోటే. ఇన్నేళ్లూ తాకకుండా దాచుకున్న ఆ మట్టి మీద తన వేలు పెట్టింది. బిస్మిల్లా అనుకుని కత్తి మొన దూర్చి చెవి దగ్గరికి తెచ్చుకుంది. చిటపటమంది. దిమ్మ పుస్తకం తెరిచినట్టు విడింది.

మచ్చ లేదు. గీత లేదు. లేతాకుపచ్చ వెలుగు తప్ప ఏమీ లేదు. 

బిందు గొంతు తగ్గించి చెప్పింది. ఈ రాయి భూమిలో తయారై వంద కోట్ల ఏళ్లకు పైమాటేనట. ఇప్పుడు విడిన ఈ ముఖాన్ని అన్నేళ్లలో వెలుతురు నేరుగా తాకలేదు, గాలి తాకలేదు, చెయ్యి తాకలేదు. మొట్టమొదట చూసినవాళ్లం మేం ముగ్గురమే. నేను తిక్క మనిషినే గానీ ఆ మాటకు నాకు దండం పెట్టాలనిపించింది. 

తర్వాత పని బిందుది. మధ్య రేకుల్ని ఇంకా ఇంకా పల్చన చేయించి, గోరు కంటే చిన్న ముక్కలు కోసి, వాటి వీపుకు వెండి పూత పూసి, మిషనులో ఎదురెదురుగా అమర్చింది. ఆ చేతులు ఆడే తీరు చూసి, ఈ పిల్ల కూడా చేతిపని మనిషే అని మస్తాన్‌బీ నా చెవిలో చెప్పింది. రెండు ముక్కల మధ్య నీటి బొట్టు, అందులో ఉందో లేదో అన్నంత ఉప్పు. మర్నాడు మధ్యాహ్నానికి అంతా సిద్ధమైంది.

తెర మీద రంగు రంగుల నిలువు గీతలు కనిపించాయి. రేకుల గుండా తెల్లటి లైటు పంపితే అవి వస్తాయట. సందు మారితే గీతలు జరుగుతాయి. సందును కంటితో చూడడం ఎవరి తరమూ కాదు కాబట్టి ఆ గీతలే మనకు కళ్లు అంది బిందు. మోటారు మెల్లగా రేకుల్ని దగ్గరికి నొక్కసాగింది. గీతలు నత్తలా పాకుతున్నాయి. ఎదురుగా ఏమీ జరగడం లేదు, గదిలో ఏసీ చప్పుడు తప్ప. నాకు ఆవులింత వచ్చింది.

ఉన్నట్టుండి గీతలు ఆగాయి. మోటారు నొక్కుతూనే ఉంది, గీతలు కదలవు. తర్వాత చటుక్కున ఒక్క గెంతు గెంతి మళ్లీ ఆగాయి.

బిందు కుర్చీలోంచి లేచింది. మళ్లీ గెంతు. మళ్లీ ఆగడం.

"మిషను చెడిపోయిందా మా?" అన్నాను. నా వృత్తి బుద్ధి అది.

"చెడిపోలా అన్నా." ఆ పిల్ల తెర మీద వేలు పెట్టి చూపించింది. "రేకుల మధ్య నీళ్లు నలిగి బయటికి పోతా ఉండాయి. మామూలు నీళ్లయితే ఆగకుండా జారిపోవాల. ఇవి అట్టా పోవడంలా. ఒక పొర పోయింది, ఆగింది. ఇంకో పొర పోయింది, ఆగింది. ఒక్కో పొర మందం ఒక్క నీటి అణువంత."

మస్తాన్‌బీ తెర దగ్గరికి జరిగింది. "నీళ్లకు పొరలుంటాయా?"

"చెంబులో ఉండవు అవ్వా. కాలవలో, సముద్రంలో ఉండవు. ఇంత చదును రాయి రెండు పక్కలా దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం నీళ్లు వరసలు కట్టి నిలబడతాయి. పుస్తకాల్లో చదివినాను గానీ, నా చేత్తో చేసి చూడడం ఇదే మొదలు."

"అంటే రాయి నీళ్లను విప్పతా ఉండాది" అంది మస్తాన్‌బీ. "నేను రాయిని విప్పినట్టు."

బిందు తల ఊపింది. ఆ ఊపడంలోనే ఆమెకు ఏడుపు వచ్చేసింది. నేను ఆ గీతల్ని చూస్తూ ఉండిపోయాను. చిన్నప్పటి నుంచి మైపాడు బీచ్‌లో నీళ్లు చూస్తున్నాను, ఇంట్లో తాగుతున్నాను, వానలో తడుస్తున్నాను. నీళ్లంటే ఏమిటో తెలుసనుకున్నాను. ఇంత అల్లరిగా పారే వస్తువు లోపల, ఇరుకు దొరికితే ఇంత క్రమం ఉందని నాకు ఎన్నడూ తోచలేదు. ఈ సృష్టిని చేసినవాడికి ఎంత ఓపిక అని అనుకున్నాను, చెప్పుకోవడానికి సిగ్గు లేదు.

మరో రెండు గెంతుల తర్వాత గీతలు పూర్తిగా నిలిచిపోయాయి. బిందు మోటారు బలం పెంచింది. ఇంకా పెంచింది. కదలలేదు.

"ఇంకేం అడ్డం?" అని మస్తాన్‌బీ కంగారుగా తన వేలు చూసుకుంది.

"ఏం లేదవ్వా. అది చివరి పొర. రాయిని నేరుగా అంటుకొని ఉండే నీళ్లు. పైపొరలు పోతాయి గానీ, ఇది ఈ మిషను ఎంత నొక్కినా పోదు."

మస్తాన్‌బీ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ, ఆ కదలని గీతల్ని బిందు మిషను ఆపేదాకా చూసింది.

వచ్చేటప్పుడు బిందు పై రేకూ కింది రేకూ లుంగీ గుడ్డలో జాగ్రత్తగా చుట్టి ఇచ్చింది. మధ్యలో ఉన్నదంతా ఆమె దగ్గర ఉండిపోయింది. తిరుగు రైల్లో నాకు దిగులు పట్టుకుంది. పుస్తకం ఇచ్చేసి రెండు అట్టలు తెచ్చుకున్నట్టుంది మా వ్యవహారం. ఆ మాట అనలేక కిటికీలోంచి సూళ్లూరుపేట చెరువులు చూస్తూ కూర్చున్నాను.

తర్వాతి శుక్రవారం ఆమె ఇంటికి వెళ్లాను. గూట్లోంచి మూట తీసి విప్పింది. రెండు రేకులూ విడివిడిగా లేవు, ఒక్కటై ఉన్నాయి. విప్పిన ముఖాలు లోపలికి, సుభాని ముద్ర ఉన్న వైపు పైకి. జిగురు పెట్టావా అక్కా అని అడిగాను.

"జిగురెందుకు? ఒక్క బొట్టు నీళ్లేసి అదిమినాను."

ఊరుకోలేకపోయాను. విప్పడం నా వృత్తి. అంచులు పట్టి మెల్లగా లాగాను, రాలేదు. ఇంకొంచెం గట్టిగా లాగాను. రెండు రేకుల మధ్య నీళ్లు ఉన్నట్టు కంటికి తెలియడం లేదు, అవి మాత్రం ఒకదాన్నొకటి వదలడం లేదు. పై రేకు మీద ఎర్రమట్టి ముద్ర చెన్నైలో కొంచెం చెదిరింది. ఇప్పుడు అక్కడ రెండు వేళ్ల గుర్తులు కలిసిపోయి ఉన్నాయి, ఏది అతనిదో ఏది ఆమెదో నేను పోల్చుకోలేకపోయాను.

మస్తాన్‌బీ నా చేతిలోంచి దాన్ని తీసుకుని గుడ్డలో చుట్టింది.

"లాగబాక హజరత్తా. పైవన్నీ పోయినా చివరి పొర పోదని ఆ పిల్ల చెప్పలా?"